బాపు కిర్రు చెప్పులు

వారం రోజులుగా మా ఇల్లంతా ఆముదం వాసన. పక్క ఫ్లాట్‌లో ఉండే గోదావరి జిల్లా మేరీగారు మొన్న తలుపు తట్టి, "ఏవండీ పద్మగారూ, ఈ వయసులో జడ పెంచుతున్నారా ఏంటండీ?" అని నవ్వుకుంటూ వెళ్ళారు. జడకు కాదు, చెప్పులకు. బాల్కనీలో పాత పేపరు పరిచి, దాని మీద ఒక జత చెప్పులు పెట్టుకుని, పొద్దునా సాయంత్రం గుడ్డపీలికతో ఆముదం పట్టిస్తున్నాను. మొదటి రోజు అవి ఎండుచేపల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. ఎంత నూనె రాసినా ఇంకా కావాలన్నట్టు తాగేశాయి. ఇవాళ్టికి కాస్త మెత్తబడ్డాయి, రంగు కూడా తేరుకుంది. ఆఫీసులో కూర్చున్నా వేళ్ళకు ఆ వాసన వదలడం లేదు. వదలకపోతేనే నాకు హాయిగా ఉంది. ఆ వాసన తగిలినప్పుడల్లా నేను దోహా వెస్ట్ బేలో ఇరవయ్యో అంతస్తులో ఉండను. మా దుకాణం వెనక గదిలో, బొంత మీద, నీళ్ళలో నానుతున్న తోలు ముందు, బాపు అని నేను పిలిచే మా నాన్న పక్కన కూర్చుని ఉంటాను.

ఈ చెప్పులు నాకు పోయిన శుక్రవారం యూసఫ్ ఇచ్చాడు. మా బాపును మొదట ఖతార్‌లో పనికి పెట్టుకున్నది యూసఫ్ వాళ్ళ నాన్న. వాళ్ళకు ఉమ్ సలాల్‌లో ఖర్జూరపు తోట ఉంది. పెద్దాయన పోయి చాలా ఏళ్ళయింది, యూసఫ్ గడ్డం కూడా ఇప్పుడు తెల్లగా అయిపోయింది. తోటలో పాత గది పడగొట్టిస్తుంటే మా సామాను ఒకటి దొరికిందని, వచ్చి తీసుకువెళ్ళమని ఫోన్ చేశాడు. అతనూ నేనూ మాట్లాడుకునేది సగం అరబ్బీ, సగం హిందీ. వెళ్ళాను. ప్లాస్టిక్ సంచిలోంచి చెప్పులు తీసి చూపించగానే గుర్తుపట్టాను. గుర్తుపట్టి, "ఇవి మావి కావు, మీ నాన్నగారివి" అన్నాను, కొంచెం పొగరుగానే. ఎందుకంటే బాపు వాటిని ఆయన చేతిలో పెట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆ పని చేసినందుకు బాపును నేను అప్పటిదాకా పూర్తిగా క్షమించలేదు. యూసఫ్ తల అడ్డంగా ఊపి నన్ను కూర్చోమన్నాడు. అతను ఏం చెప్పాడో దాని చోట చెబుతాను. ముందు మా దుకాణం గురించి చెప్పాలి, లేకపోతే ఆ మాట బరువు తెలియదు.

మా దుకాణం దోహా పాత బజారులో, ఇద్దరు పక్కపక్కన నడిస్తే భుజాలు రాసుకునేంత ఇరుకు సందులో ఉండేది. ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు, నడుమ ఒక పూల పరదా. పరదాకు అటువైపు అరబ్బీ, ఇటువైపు తెలుగు. బడి నుంచి వచ్చి పరదా ఎత్తి లోపలికి రావడమంటే నాకు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి రావడమే. ఎదురు కొట్టులో ఊదు అమ్మేవారు. వాళ్ళు వేసే ధూపం, అమ్మ పెట్టే తాలింపు, తడి తోలు వాసన, మూడూ కలిసి ఆ పరదాకు పట్టేసి ఉండేవి. మధ్యాహ్నం దుకాణాలు మూసేవేళ సందంతా నిద్రపోయేది. ఆ రెండు మూడు గంటలే నాకు అన్నిటికన్నా బాగా గుర్తు. తలుపు సందులోంచి ఒక సన్నటి ఎండ చార లోపలికి వచ్చి, తోలు ముక్కల మీదుగా మెల్లగా పాకుతూ గోడ ఎక్కేది. అది గోడ మీదున్న క్యాలెండర్ దాకా వచ్చిందంటే బాపు లేచి మళ్ళీ దుకాణం తెరవాలని అర్థం.

ఆ మధ్యాహ్నాలకు ఒక చప్పుడు కూడా ఉండేది. టప్, టప్ అని. కుళాయి నీళ్ళు తోలుకు పడవని బాపు నమ్మకం. వేసవిలో అవి చెయ్యి పెడితే కాలేవి, తోలును నానబెడితే ఉడికినట్టయ్యేది. అందుకని కిటికీ ఏసీ నుంచి బొట్టుబొట్టుగా కారే నీళ్ళకు బకెట్ పెట్టేవాడు. వాననీళ్ళంత మెత్తగా ఉంటాయనేవాడు వాటిని. కరెంటు పోతే మేమంతా ఉక్కకు అల్లాడుతుంటే, బాపు మాత్రం "అయ్యో, నీళ్ళాగిపాయె" అని దిగులుపడేవాడు. ఆ బొట్ల చప్పుడు వింటూ నిద్రపోవడం నాకెంత అలవాటైందంటే, ఇప్పటికీ ఎక్కడైనా ఏసీ కారితే అందరూ మెకానిక్‌ను పిలుస్తారు, నేను మాత్రం కాసేపు కళ్ళు మూసుకుంటాను.

తోలు అక్కడ తయారుగానే దొరికేది. మా ఊళ్ళో అయితే పచ్చి తోలును లంద అనే గుంటలో తంగేడు చెక్కతో వారాల తరబడి నానబెట్టేవారు. దోహాలో లందలు లేవు, తంగేడు లేదు. అయినా ఊరి నుంచి ఎవరు వస్తున్నా బాపు ఒక కట్ట తంగేడు చెక్క తెమ్మనేవాడు. గుప్పెడు చెక్క ఉడకబెట్టి, ఆ ఎర్రటి నీళ్ళు తోలుకు పూసేవాడు. అవసరమేమీ లేదు. "లేకుంటే తోలుకు తోలు వాసన ఎట్లొస్తది?" అనేవాడు. గొడవల్లా ఉడకబెట్టే గిన్నె దగ్గరే వచ్చేది. "మల్ల నా పప్పుగిన్నెల ఉడకవెట్టినవా?" అని అమ్మ అరిచేది. "కడిగిన గదనే లచ్చీ" అని బాపు. ఎంత కడిగినా ఆ రోజు పప్పు కాస్త ఒగరుగానే ఉండేది. మేము ఆ పప్పు తినే పెరిగాం.

బాపు చెప్పుల పని కోసం ఖతార్ రాలేదు. తోటపనికి వచ్చాడు. మా ఊరి నుంచి గల్ఫ్‌లో ఏ దేశం వెళ్ళినా 'దుబాయ్ పోయిండు' అనే అంటారు కాబట్టి బాపు కూడా దుబాయే పోయాడు. మాదిగవాడలో, తాతలనాటి నుంచి చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టినవాడు, ఆ పని వదిలించుకుందామనే వచ్చాడు. కానీ వస్తూ వస్తూ తన ఆరెను, అంటే తోలుకు చిల్లు పొడిచే ఇనుప మొనను, పెట్టెలో బట్టల మధ్య దాచి తెచ్చుకున్నాడు. ఎందుకు తెచ్చుకున్నావని నేను పెద్దయ్యాక అడిగితే, "ఏమో బిడ్డా, చెయ్యి ఊకుండలే" అన్నాడు.

వచ్చిన నెల రోజులకే పెద్దాయన, బాబా అని పిలిచేవాడు బాపు ఆయన్ని, "నాల్ ఖర్బాన్" అన్నాడట. ఖర్బాన్ అంటే పాడైందని బాపు అప్పటికే నేర్చుకున్నాడు. ఇక నాల్ అంటారా, అందులో నేర్చుకునేందుకేముంది? మా ఊళ్ళో ఎద్దుల గిట్టలకు, గుర్రం గిట్టలకు కొట్టే ఇనుప ముక్కను నాల్ అనే అంటారు. తోటలో ఒక ముసలి గుర్రం ఉండేది. బాపు వెళ్ళి దాని నాలుగు కాళ్ళూ ఎత్తి చూసి, గిట్టలు కడిగి, తుడిచి, తిరిగొచ్చి "బాబా, ఘోడా నాల్ సబ్ అచ్ఛా" అన్నాడు. పెద్దాయన అర్థంకాక మళ్ళీ "నాల్ ఖర్బాన్" అన్నాడు. బాపు మళ్ళీ వెళ్ళి చూసొచ్చాడు. మూడోసారి గుర్రాన్నే తోలుకొచ్చి ఎదురుగా నిలబెట్టాడు. అప్పుడు పెద్దాయన తన కాలు ఎత్తి, గుర్రం కాలి పక్కన పెట్టి, తెగిపోయిన చెప్పు వారు చూపించాడు. అరబ్బీలో నాల్ అంటే చెప్పులు. ఇద్దరూ నవ్వి నవ్వి ఇసుకలో కూలబడ్డారట. తర్వాత బాపు గదిలోకి పరుగెత్తి ఆరె తెచ్చి, చుట్ట కాల్చేంతసేపట్లో వారు కుట్టి ఇచ్చాడు. పెద్దాయన ఆ కుట్టును చాలాసేపు చూశాడట. ఏడాది తిరిగేసరికి పాత బజారులో దుకాణం పెట్టించాడు, ఆ తర్వాత అమ్మను, ఆరేళ్ళ నన్ను రప్పించాడు. చెప్పులొద్దని సముద్రం దాటిన మనిషిని చెప్పులే మళ్ళీ పిలిచాయి. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక మాట నిలిచిపోయింది. దుకాణం పెట్టాక కూడా ప్రతి గురువారం తోటకు వెళ్ళే బాపు, వెళ్ళేటప్పుడల్లా "గుర్రానికి నాల్ సూసొస్త" అనేవాడు, అమ్మ ప్రతిసారీ నవ్వేది.

బాపు చేసే అరబ్బీ చెప్పులు వెడల్పుగా, బొటనవేలికి ఉంగరంలాంటి పట్టీతో, చాలా అందంగా ఉండేవి. కొనడానికి వచ్చినవాళ్ళను గోధుమపిండి సంచి కాగితం మీద నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, పేరు అరబ్బీలో రాయడం నా పని. ఆ పని నాకు మహా ఇష్టం. పాదాలు చూసి మనుషులను చెప్పగలనని నాకో గర్వం కూడా ఉండేది. అయితే ఆ అరబ్బీ చెప్పులు ఎంత బాగా కుదిరినా బాపుకు ఒక వెలితి. "మూగ చెప్పులు" అనేవాడు. మాట్లాడే చెప్పులంటే మా వైపు కిర్రు చెప్పులు. అడుగుకు రెండు మూడు తోలు అట్టలు వేసి, వాటి నడుమ బాగా ఎండిన సన్నటి తోలు చీలిక పెట్టి కుడతారు. అడుగు వేసినప్పుడు చీలిక అట్టలకు ఒరుసుకుని కిర్రుమంటుంది. "ఎడమది ముందుగాల పలుకుతది. కుడిది జెర సిగ్గుపడుతది" అని బాపు చెప్పేవాడు, ఇద్దరు పిల్లల గురించి చెప్పినట్టు.

ఊళ్ళో ఆ చెప్పులు వేసుకునేది పటేళ్ళు, ఊరి పెద్ద భూములవాళ్ళు. మనిషి సందు మలుపు తిరగకముందే కిర్రు వినబడేది, అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. వాటిని కుట్టినవాళ్ళు కూడా లేచి నిలబడేవారు. మా తాత ఎన్ని జతలు కుట్టాడో లెక్కలేదు, ఒక్క జత వేసుకోలేదు. ఆ వీధుల్లో మావాళ్ళు చెప్పులు విప్పి చేత పట్టుకుని నడవాలి. మరి కిర్రు పలుకుతోందో లేదో కుట్టినవాడికి తెలియడమెలా? చెప్పులను చేతులకు తొడుక్కుని, మోకాళ్ళ మీద వంగి, నేల మీద చేతులతో నడిచి చూసుకునేవాడట తాత. బాపుకూ అదే అలవాటు వచ్చింది. దోహాలో, తలుపు మూసిన మధ్యాహ్నాల్లో, కుట్టిన ప్రతి జతనూ చేతులకు తొడుక్కుని గదంతా పాకేవాడు. నాకు అదొక ఆట. పరుగెత్తి వీపు మీద ఎక్కి కూర్చునేదాన్ని. బాపు వద్దనేవాడు కాదు, నన్ను మోసుకుంటూ గోడ నుంచి గోడకు తిరిగేవాడు. ఎండ చార, ఏసీ బొట్లు, బాపు వీపు వేడి, అంతా ఒక కలలా ఊగేది. ఒకరోజు అమ్మ పరదా పట్టుకుని నిలబడి చూసి, "గిది ఆట గాదే పిల్లా, దిగు" అంది. ఆ తర్వాత ఇదంతా చెప్పింది. అప్పుడు నాకు పదేళ్ళు ఉంటాయేమో. మళ్ళీ ఎక్కలేదు.

రాజిరెడ్డి పటేల్ గురించి చెప్పాలి. మా ఊరాయన. పొలాలు ఎండిపోయి ఆయన కూడా ఖతార్ వచ్చి, ఒక కంపెనీలో పికప్ నడిపేవాడు. ప్రతి శుక్రవారం క్యాంప్ నుంచి మా ఇంటికి వచ్చి అమ్మ చేసిన జొన్నరొట్టె తినేవాడు. మంచివాడు. నాకు బిస్కెట్లు తెచ్చేవాడు, "పటేలా అంటవేందే, మామ అను" అని నాతో మామ అని పిలిపించుకున్నాడు. మా కంచంలో తిని, మా బొంత మీద పడుకుని, మా ఇంట్లో మనిషిలాగే ఉండేవాడు. అయినా సందు మొదట్లో ఆయన గొంతు వినబడగానే బాపు కాళ్ళు వాటంతట అవే చెప్పుల్లోంచి బయటికి వచ్చేసేవి. ఆయన ఉన్నంతసేపూ, సొంత దుకాణంలో, బాపు ఉత్తకాళ్ళతో తిరిగేవాడు. రాజిరెడ్డి మామ తియ్యమని ఎన్నడూ అనలేదు. వద్దని కూడా అనలేదు. బాపు పేరు నర్సయ్య. పెద్దాయన 'నర్సీ' అనేవాడు, మామ 'నర్సిగా' అనేవాడు. బాపుకు రెండూ ఒకటే. నాకు కాదు.

నాకు పన్నెండేళ్ళప్పుడు యూసఫ్ పెళ్ళి కుదిరింది. పెద్దాయన స్వయంగా దుకాణానికి వచ్చి, "నర్సీ, మంచి నాల్ వేసుకుని రా" అని పిలిచి వెళ్ళాడు. బాపు మూడో రోజు మధ్యాహ్నం పిండి సంచి కాగితం పరిచి, నా చేతికి పెన్సిల్ ఇచ్చి, దాని మీద నిలబడ్డాడు. ఎవరి పాదమైనా గీశానుగానీ బాపు పాదం గీయడం అదే మొదలు. ఆ పాదాన్ని ఎవరూ కొలవలేదు అప్పటిదాకా. కుడికాలి రెండో వేలు బొటనవేలి వైపు వంకరగా తిరిగి ఉండేది, చిన్నప్పుడు లంద దగ్గర బండ పడి. ఆ వంకర కూడా తప్పకుండా దించాను. పేరు రాయబోతే, "నాకెందుకే పేరు?" అని సిగ్గుపడ్డాడు. రాశాను. పది రోజులు కుట్టాడు. తనకోసం కుట్టుకున్న కిర్రు చెప్పులు. చివరి రోజు అలవాటుగా చేతులకు తొడుక్కోబోయి ఆగి, కాళ్ళకు వేసుకున్నాడు. గోడ నుంచి గోడకు నడిచాడు. ఎడమది ముందు పలికింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. బాపు నడక కూడా మారినట్టనిపించింది నాకు. కొంచెం పొడుగయ్యాడు.

పెళ్ళి రోజు అవి వేసుకునే బయలుదేరాడు. తలుపు దగ్గరికి రాగానే సందు చివర పికప్ హారన్ మోగింది. రాజిరెడ్డి మామ మమ్మల్ని తీసుకువెళ్ళడానికి వచ్చాడు. "నర్సిగా, యల్లా!" అని, పదమని కేక. బాపు చెప్పులు విప్పి, పేపర్లో చుట్టి, చంకలో పెట్టుకుని, స్నానాల గదిలో వేసుకునే రబ్బరు చెప్పులు తొడుక్కున్నాడు. ఉమ్ సలాల్ దాకా ఆ పొట్లం మా ఇద్దరి మధ్య ఉంది. అక్కడ దిగాక వేసుకుంటాడని నేను లోలోపల మొక్కుకుంటూ కూర్చున్నాను.

వేసుకోలేదు. పికప్ నుంచి మగ అతిథులు కూర్చునే మజ్లిస్ గుమ్మం దాకా పలకరాళ్ళ బాట, కిర్రు మోగడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. మామ ముందు నడిచాడు, బాపు రబ్బరు చెప్పులతో వెనక నడిచాడు. ఆడవాళ్ళ పందిరి వేరే వైపు ఉన్నా, నేను అమ్మ చెయ్యి విడిపించుకుని బాపు వెంట పడ్డాను. గుమ్మం ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. సగానికి సగం బాపు కుట్టినవే. గొప్పవాళ్ళు, బీదవాళ్ళు, డ్రైవర్లు, అందరూ అక్కడే విప్పి ఉత్తకాళ్ళతో లోపలికి వెళ్తున్నారు. పెద్దాయన ఎదురొచ్చి, బాపు చంకలో పొట్లం చూసి, "షూ హాదా, నర్సీ?" అని, అదేమిటని అడిగాడు. బాపు ఒకసారి మామ వైపు చూశాడు. పొట్లం రెండు చేతులతో ముందుకు చాపి, "మీకే బాబా" అన్నాడు. పెద్దాయన విప్పి చూసి, సంబరపడి, బాపు ముక్కుకు ముక్కు ఆనించి పలకరించాడు. చుట్టూ అందరూ నవ్వారు. ఏడుపు ఆపుకోలేక నేను అమ్మ దగ్గరికి పరుగెత్తాను.

ఇంటికి వచ్చాక అడిగాను. "గవి నీ కొలతవి బాపూ. నీ ఏలు వంకర గూడ నేనే దించిన. బాబా కాళ్ళు జానెడు ఎడల్పున్నయ్, ఆయనకెట్లెక్కుతయ్? నువ్వు భయపడ్డవ్."

"పో, బువ్వ తిను" అన్నాడు బాపు.

నేను మొండిదాన్ని. ఆ తర్వాత మళ్ళీ పెన్సిల్ పట్టలేదు. అడిగితే హోంవర్క్ ఉందనేదాన్ని. కాలేజీకి కావాలని ఫ్యాక్టరీ చెప్పులు కొనుక్కున్నాను, అవి తెగితే బయట ఇంకెవరి చేతనో కుట్టించుకున్నాను. బాపు చూశాడు. కొన్నాళ్ళకు మిషన్ చెప్పులు వచ్చి దుకాణం మూతపడింది. అమ్మ పోయింది, ఆ తర్వాత బాపు కూడా పోయాడు. ఆ చెప్పుల మాట మా మధ్య మళ్ళీ రాలేదు. వాటిని తలుచుకుంటే నా కళ్ళముందు చంకలో పొట్లంతో నడిచే మనిషే కనిపించేవాడు.

ఇక యూసఫ్ చెప్పింది. "మా నాన్న కాలికి అవి ఎక్కనేలేదు" అన్నాడు. "పెళ్ళయిన వారానికే నర్సీని పిలిచి, ఇవి నీ కాలివి, వేసుకో అన్నాడు. నర్సీ ఒప్పుకోలేదు. పట్నంలో వేసుకోలేను బాబా, ఇక్కడే ఉండనివ్వండి అన్నాడు. ఆ మూల గదిలో పెట్టుకున్నాడు. ప్రతి గురువారం వచ్చేవాడు కదా? రాగానే అవి వేసుకునేవాడు. చెట్ల వరసల మధ్య బావి దాకా నడిచి వచ్చేవాడు, మా నాన్నతో కలిసి. ఒక్కోసారి రెండుసార్లు, మూడుసార్లు. ఆ కిర్రు వినగానే మేము నర్సీ వచ్చాడనుకునేవాళ్ళం. మా నాన్న మంచం మీంచి లేచి ఎదురెళ్ళేవాడు."

గురువారాలు. గుర్రానికి నాల్ చూసి వస్తానని వెళ్ళే గురువారాలు. ఆ గుర్రం యూసఫ్ పెళ్ళయిన మరుసటి ఏడే చచ్చిపోయింది. అయినా బాపు అదే మాట చెప్పి వెళ్ళేవాడు, అమ్మ అలాగే నవ్వేది. అమ్మకు తెలిసే ఉంటుంది. మా ఇంట్లో ఆముదం సీసా ఎందుకంత తొందరగా అయిపోయేదో నాకు ఇప్పుడు తెలుస్తోంది. గురువారం సాయంత్రం బాపు చేతులు ఆముదం వాసన వేసేవి. తోటలో ఏ బండికో, బావి గిలకకో రాసి ఉంటాడనుకునేదాన్ని.

నేను చెప్పులు తిప్పి అడుగు చూశాను. మొదటి అట్టలు అరిగితే వాటి మీద కొత్తది, అలా మూడుసార్లు వేసి ఉంది. కుట్టు బాపుదే, ఆ కుట్టును నేను ఎక్కడైనా గుర్తుపడతాను. ఒక అట్ట ఎర్రది. ఆ ఎర్ర తోలు మా దుకాణానికి ఒకే ఒకసారి, నేను లెక్కల్లో తప్పిన ఏడు వచ్చింది. చివరిది మందమైన రబ్బరు, అది మోకాళ్ళు నొప్పులు పుట్టిన రోజుల్లోది అయి ఉండాలి. అదీ మడమ దగ్గర సగం అరిగిపోయింది. కుడి చెప్పులో, లోపల, బొటనవేలి గుంట పక్కన ఒక చిన్న వంకర గుంట. నేను పెన్సిల్‌తో దించిన వేలు. దాని మీద వేలు పెట్టుకుని తోటలో సగం కూలిన ఆ గది గోడ పక్కన కూర్చుని ఏడ్చాను. యూసఫ్ మంచినీళ్ళ సీసా నా పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

నాకిప్పుడు సిగ్గుగా ఉంది, సంతోషంగా కూడా ఉంది, రెండూ ఒకేసారి. బాపు భయపడలేదని అనను. భయపడ్డాడు, ఆ భయం పోలేదు కూడా. కానీ ఆ భయం పక్కనే ఒక తోట వెతుక్కుని, అందులో ఇన్నేళ్ళు నడిచాడు. ఇప్పుడు నేను పనిచేసే ఆఫీసులో నేలంతా తివాచీ, ఎవరు వచ్చినా ఎవరు వెళ్ళినా చప్పుడు ఉండదు. మా సందులో కాఫీ కొట్లు వచ్చాయి, మా దుకాణం ఉన్నచోట కాగితపు కప్పుల్లో ఏదో చల్లటిది అమ్ముతున్నారు. నేను ఏ వీధిలోనైనా ఏ చెప్పులైనా వేసుకుని నడుస్తాను, ఎవరి గొంతు విన్నా నా కాళ్ళు వాటంతటవి బయటికి రావు. అది నా గొప్ప అనుకుని ఇన్నాళ్ళు తిరిగాను.

ఇవాళ శుక్రవారం. రాజిరెడ్డి మామ ఎప్పుడో ఊరికి వెళ్ళిపోయాడు, ఇప్పుడు బాగా ముసలివాడు, చూపు మందగించింది. బాపు పోయినప్పటి నుంచి శుక్రవారం శుక్రవారం మనవడి ఫోన్‌లో నాతో మాట్లాడతాడు. పొద్దున ఆయన ఫోన్ వచ్చేసరికి నేను చెప్పులకు నూనె తుడుస్తున్నాను. నా పాదాలు బాపు పాదాలంతే ఉంటాయని అమ్మ ఎప్పుడూ వెక్కిరించేది. ఫోన్ కుర్చీ మీద పెట్టి, మామ ఊళ్ళో వానల సంగతి చెబుతుంటే, మొదటిసారి వాటిలో కాళ్ళు పెట్టాను. రెండడుగులు మూగగానే పడ్డాయి. మూడో అడుగుకు ఎడమది చిన్నగా మూలిగింది.

"గా సప్పుడేందే బిడ్డా?" అన్నాడు మామ, వానల మాట ఆపేసి.

నేను వంటింటి దాకా నడిచి తిరిగొచ్చాను. ఈసారి రెండూ పలికాయి.

"కిర్రు చెప్పులు గదనే! దోహల కిర్రు చెప్పులెవలేసుకున్నరు?"

"నేనే మామా. మా బాపువి."

"మీ బాపువా? నర్సిగాడు ఏసుకోంగ నేనెన్నడు సూడలే గద."

"మీరు సూడలే మామా. మీ ముందట ఏసుకోలే. బాబా తోటల ఏసుకున్నడు. అడుగులు మూడుసార్లు అరిగిపోయేదాక ఏసుకున్నడు."

అటువైపు ఎక్కడో ట్రాక్టర్ పోతున్న చప్పుడు, పిల్లలెవరో అరుస్తున్న చప్పుడు వినబడింది. ఫోన్ పెట్టేశాడేమో అనుకున్నాను.

"నర్సయ్య..." అన్నాడు మామ. ఆయన నోట ఆ పేరు నిండుగా రావడం నేను వినడం అదే మొదలు. మళ్ళీ అన్నాడు. "నర్సయ్య మంచిగ కుట్టేటోడు బిడ్డా. చెప్పులు తియ్యకు నర్సయ్యా అని ఒక్క మాటనకపోతి. నోరు రాలె."

బాపు తరఫున పర్వాలేదనడం నా వల్ల కాదు.

"ఇంకోమాటు నడువు బిడ్డా" అన్నాడు మామ. "ఇనాలె."

ఫోన్ ఎత్తి కిందపెట్టాను, నేల మీద, ఆయనకు బాగా వినబడేలా. తలుపు నుంచి బాల్కనీ దాకా మెల్లగా నడిచాను. ఎడమది ముందు పలికింది.